గేటు దగ్గర ఆగిన లారీకి ఎర్ర లైట్లు

మోడల్ రైలు లేఅవుట్, అంటే బొమ్మ రైలు చుట్టూ స్టేషను, రోడ్లు, కొండ కట్టి పెట్టే నమూనా, చేసేవాళ్ళు స్టేషన్లో దీపాలు పెడతారు, సిగ్నళ్ళు వెలిగిస్తారు, ఇంజన్‌కు హెడ్‌లైటు ఎలాగూ కంపెనీ నుంచే వస్తుంది. రోడ్డు మీద నిలబెట్టిన లారీలు, బస్సులు, ఆటోల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వదిలేస్తారు. గదిలో లైటు ఆర్పగానే ఆ బండ్లన్నీ చీకట్లో కలిసిపోతాయి. పెట్టేవాళ్ళు కూడా చాలామంది దొరికిన తెల్ల ఎల్‌ఈడీని దొరికినంత కరెంటుతో వెలిగించేస్తారు, అప్పుడు బండి కనబడదు, రెండు తెల్ల చుక్కలే కనబడతాయి. ఇన్నాళ్ళు చేశాక నాకు గట్టిగా అనిపించేదేంటంటే, బొమ్మ బండికి లైటు ఎంత తగ్గిస్తే బండి అంత నిజంగా కనబడుతుంది. ఎంత తగ్గించాలి, ఏ రంగు పెట్టాలి, ఏ వైపు పెట్టాలి అన్నదాంట్లోనే పనంతా ఉంది. నేను ఎలా చేస్తానో రాస్తున్నా, పనికొస్తే తీసుకోండి.

మాది తిరుపతి. లేఅవుట్ మేడ మీద గదిలో ఉంది. స్కేలు హెచ్ఓ, అంటే అసలు కొలతలో 87వ వంతు, పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. మన బ్రాడ్ గేజ్ 1676 మి.మీ.ని లెక్క ప్రకారం తగ్గిస్తే 19 మి.మీ. పైనే రావాలి గానీ, మార్కెట్లో దొరికే హెచ్ఓ పట్టాలు విదేశాల స్టాండర్డ్ గేజ్‌కు సరిపడేవి, కాబట్టి మన రైళ్ళు కొంచెం ఇరుకు పట్టాల మీద నడుస్తాయి, దానికి అలవాటు పడిపోయాం. ముందు వైపు పాకాల లైన్లో ఉండేలాంటి చిన్న స్టేషను, పక్కన లెవెల్ క్రాసింగ్ గేటు, వెనక కొండ, కొండ ఎక్కే రోడ్డు ఒకటి, దిగే రోడ్డు ఒకటి. నిజంలో గేటూ, ఘాట్ రోడ్డు మొదలయ్యే అలిపిరీ ఇలా ఆనుకుని ఉండవు. కానీ తిరుపతి లేఅవుట్ అని చెప్పుకుని ఘాట్ రోడ్డు లేకుండా చేయడానికి నాకు మనసొప్పలేదు.

బండ్లకు లైట్లు పెట్టాలన్న పట్టుదల వచ్చింది కూడా ఆ రెండు రోడ్ల వల్లే. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, తర్వాత వేసిన రెండోది ఎక్కడానికి. అంటే ఊరి వైపు నిలబడి చూసేవాళ్ళకు ఎక్కే బండి వెనక భాగం, దిగే బండి ముఖం కనబడాలి. లేఅవుట్ ముందు అంచు దగ్గర నిలబడేవాళ్ళే నాకు ఊరి జనం. మా పెదనాయన ఘాట్‌లో బస్సు నడిపి రిటైరైన మనిషి. లేఅవుట్ చూడ్డానికి వచ్చి, రైలును పెద్దగా పట్టించుకోకుండా కొండ దగ్గరే చాలాసేపు వంగి చూసి, "ఒరే అబ్బోడా, ఎక్కే బండికి యెనక ఎర్రలైటు, దిగే బండికి ముందర తెల్లలైటు, అది సరే. ఇంకోటి చెప్తా ఇను. దిగేటప్పుడు గేరు మీద దిగాల, ఊరికే బ్రేకు తొక్కతా వస్తే లైనర్లు కాగిపోతాయి. మలుపు కాడ మాత్రం తొక్కుతాం. నీ బొమ్మల్లో మలుపు కాడ ఉండే బండికే బ్రేకులైటు ఎలగాల" అన్నాడు. "అట్లే పెడతా పెదనాయనా" అన్నాను. ఆ ఒక్క మాటతో నాకు ఏ బండికి ఏ లైటు అన్నది సగం తేలిపోయింది. హెయిర్‌పిన్ మలుపులో రోడ్డు వెనక్కి తిరుగుతుంది కదా, అక్కడ దిగే బండికి కూడా వెనక భాగం మన వైపు తిరుగుతుంది, సరిగ్గా అక్కడే బ్రేకులైటు కనబడాలి. మిగతా వాటికి కనబడని వైపు లైట్లు పెట్టి శ్రమ పడక్కర్లేదు.

ఇక కొలతలు. పాత లారీలకు, జీపులకు, అంబాసిడర్‌కు ఉండే గుండ్రటి హెడ్‌లైటు 7 అంగుళాలు, అంటే 178 మి.మీ. దాన్ని 87తో భాగిస్తే 2 మి.మీ. కొంచెం పైన. మామూలు ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 3 మి.మీ. ఎల్‌ఈడీని హెడ్‌లైటుగా పెడితే, అసలు బండికి 26 సెంటీమీటర్ల దీపం బిగించినట్టు లెక్క, అందుకే అవి ఎంత బాగా బిగించినా బొమ్మలాగే ఉంటాయి. కావాల్సింది ఎస్ఎండీ ఎల్‌ఈడీలు, అంటే తీగ కాళ్ళు లేని బుల్లి రకం, వాటి సైజులకు నంబర్లుంటాయి. 0603 అన్నది 1.6 మి.మీ. పొడవు, 0.8 మి.మీ. వెడల్పు, పాత లారీ హెడ్‌లైటుకు చక్కగా సరిపోతుంది. 0402 ఇంకా చిన్నది, 1 మి.మీ.కి 0.5, టెయిల్ లైట్లకు, ఆటోకు అదే. ఆటో అసలు పొడవే 2.6 మీటర్లు, మన స్కేల్లో 30 మి.మీ. వస్తుంది, దాంట్లో ఒకే హెడ్‌లైటు, లోపల డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోటు తప్ప తీగ దాచడానికి జాగా ఉండదు. ఇంకో దారి ఆప్టికల్ ఫైబర్. అర మి.మీ. ప్లాస్టిక్ ఫైబర్‌ను లైటు రంధ్రం దాకా తెచ్చి, ఎల్‌ఈడీని బండి కింద ఎక్కడో పెట్టొచ్చు. మరీ చిన్న బండ్లకు ఇది బాగుంటుంది, కానీ ఫైబర్ గట్టిగా వంగదు, వంచితే వెలుగు మధ్యలోనే కారిపోతుంది, కాబట్టి ఆటో లాంటి పొట్టి బండిలో నాకు ఎస్ఎండీనే నయం అనిపిస్తుంది.

కరెంటు లెక్క చాలా తేలిక, కానీ ఎక్కువమంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. ఎల్‌ఈడీ కాగితం మీద 20 మిల్లీ ఆంపియర్లు అని రాసి ఉంటుంది. అది ఎల్‌ఈడీ తట్టుకునే కరెంటు, మనం ఇవ్వాల్సింది అంత కాదు. నా దగ్గర 12 వోల్టుల సప్లై. తెల్ల ఎల్‌ఈడీ ఒక్కోటి సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది, ఎర్రది 2 వోల్టులు. ఒక బండి రెండు హెడ్‌లైట్లనూ సిరీస్‌లో కలిపితే 6 వోల్టులు పోతాయి, మిగిలిన 6 వోల్టులకు 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 2.7 మిల్లీ ఆంపియర్లు వస్తుంది. చీకటి గదిలో అది కూడా చాలాసార్లు ఎక్కువే, 4.7 కిలో ఓమ్ పెడితే 1.3కి దిగుతుంది, నేను ఎక్కువగా అక్కడే ఆగుతాను. ఎర్ర జతకు 10 కిలో ఓమ్, 0.8 మిల్లీ ఆంపియర్. సిరీస్‌లో కలిపితే రెండింటికీ ఒకే కరెంటు పోతుంది కాబట్టి రెండు కళ్ళూ దాదాపు ఒకేలా వెలుగుతాయి. పొదుపు అని ఎర్రదాన్నీ తెల్లదాన్నీ పక్కపక్కన పారలల్‌గా కలిపి ఒకే రెసిస్టర్ పెట్టేవాళ్ళున్నారు, అలా చేస్తే ఎర్రది 2 వోల్టుల దగ్గరే పట్టి కూర్చుంటుంది, తెల్లది వెలగదు.

ఇంకో సంగతి, మన కన్ను వెలుగును కరెంటు లెక్కలో కొలవదు. కరెంటు సగానికి తగ్గిస్తే కొంచెం తగ్గినట్టే కనబడుతుంది. అందుకే రెసిస్టర్లను 2.2, 4.7, 10, 22 కిలో ఓమ్‌లు ఇలా రెట్టింపు మెట్లలో కొని పెట్టుకోండి, మధ్యలో ఉండేవి దండగ. కొత్త రకం ఎల్‌ఈడీలు వచ్చినప్పుడల్లా నేను ఒక వేరియబుల్ రెసిస్టర్ సిరీస్‌లో పెట్టి, గదిలో లేఅవుట్ వీధి దీపాలు తప్ప అన్నీ ఆర్పి, కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక మెల్లగా తిప్పుతూ చూస్తాను. సరిపోయిందనిపించిన చోట మల్టీమీటర్‌తో కొలిచి దానికి దగ్గర్లో ఉన్న రెసిస్టర్ వేస్తాను. పగటి వెలుగులో ఈ నిర్ణయం తీసుకోకూడదు. ఫోన్ కెమెరాలో చూసి అసలే తీసుకోకూడదు, కెమెరా ప్రతి చుక్కనూ ఉబ్బించి చూపిస్తుంది.

రంగు విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పాత లారీ హాలోజన్ దీపం 3200 కెల్విన్ దగ్గర ఉంటుంది, పసుపు కలిసిన తెలుపు. కూల్ వైట్ ఎల్‌ఈడీ 6000 కెల్విన్ పైన, నీలం కొడుతుంది. పాత అంబాసిడర్‌కు ఆ నీలి తెలుపు పెడితే ఎవరికీ కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. పాత బండ్లకు వార్మ్ వైట్ కొనండి. దొరక్కపోతే ఫ్యాన్సీ షాపుల్లో అమ్మే గ్లాస్ పెయింట్, పసుపులో ఒక చుక్క నారింజ కలిపి పల్చగా పూయండి. ఇప్పుడు కొండ మీదికి పోయే ఎలక్ట్రిక్ బస్సులకు మాత్రం కూల్ వైటే సరైనది. అన్ని బండ్లకూ ఒకే రంగు ఉండకూడదు, మన రోడ్డు మీద ఎప్పుడైనా ఉందా? తెల్ల ఎల్‌ఈడీ అసలు సాధ్యమైందే నీలి ఎల్‌ఈడీ వల్ల, దాన్ని కనిపెట్టిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ ఇచ్చారు. అంతకు ముందు ఈ పనికి గోధుమ గింజంత బల్బులు వాడేవాళ్ళు, అవి వేడెక్కి ప్లాస్టిక్‌ను మెత్తబరిచేవి. మన తరం అదృష్టం అది.

తీగలకు నేను మోటార్ వైండింగ్ షాపుకు పోతాను. ఎనామిల్ పూసిన రాగి తీగ, 42 గేజ్ అడగండి, 0.1 మి.మీ. మందం ఉంటుంది. ఫ్యాన్లకు వాడే తీగ దీనికన్నా లావు. మా దగ్గరి షాపతను "ఏ మోటారుకు సార్ ఇంత సన్నది?" అని అడిగి, సంగతి విన్నాక, చుట్ట అడుగున మిగిలినదాన్ని డబ్బులు తీసుకోకుండా ఇచ్చేశాడు. అది ఎన్ని బండ్లకైనా వస్తుంది. టంకం వేసే ముందు సోల్డరింగ్ ఐరన్ మొన మీద కరిగిన టంకం బొట్టులో తీగ కొన ముంచితే ఎనామిల్ కాలిపోయి రాగి మీద టంకం ఎక్కుతుంది. రెండు తీగలూ ఒకే రంగులో ఉంటాయి కాబట్టి ప్లస్ తీగకు నెయిల్ పాలిష్ చుక్క పెట్టుకోండి. ఎస్ఎండీని డబుల్ టేపు మీద బోర్లా అతికించి, ఫ్లక్స్ (టంకం బాగా పట్టడానికి రాసే పేస్టు) రాసి, సన్న మొనతో ఒక్క క్షణం తాకించి తీసేయాలి, రెండు మూడు సెకన్లు మించితే ఎల్‌ఈడీ పోతుంది. అతికించాక ప్రతిదాన్నీ 3 వోల్టుల కాయిన్ సెల్‌తో వెలిగించి చూడాలి, బండిలో బిగించాక తెలిస్తే మళ్ళీ విప్పాలి. చేతులు వణికేవాళ్ళు తీగలు ముందే అతికించి అమ్మేవి ఆన్‌లైన్లో కొనుక్కోండి, కొంచెం ధర ఎక్కువైనా మనశ్శాంతి.

వెలుగు బయటికి కారడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మంచి పనిని ఇదే పాడు చేస్తుంది. మన ఆటోలు, మన లారీలు హెచ్ఓలో రెడీగా దొరకడం కష్టం, ఎక్కువగా త్రీడీ ప్రింట్ చేయించుకుంటాం. ఆ ప్రింటుకు వాడే రెజిన్ వెలుగును ఆపదు, హెడ్‌లైటు వేస్తే క్యాబిన్ ముందు భాగమంతా లోపల్నుంచి మెరుస్తుంది. లోపలంతా మ్యాట్ నలుపు రెండు పూతలు వేయాలి, ఎల్‌ఈడీ వెనక భాగానికీ నలుపే. పరీక్ష చేసేటప్పుడు మాత్రం కరెంటు బాగా పెంచి, పూర్తి చీకట్లో బండిని అన్ని వైపులా తిప్పి చూడండి, ఎక్కడ కారుతుందో అప్పుడు దాక్కోదు. అక్కడ మళ్ళీ నలుపు వేసి, ఆ తర్వాత అసలు రెసిస్టర్ పెట్టండి. ఎల్‌ఈడీని కొంచెం కిందికి వంచి బిగిస్తే బండి ముందు రోడ్డు మీద చిన్న వెలుగు మరక పడుతుంది, అది పడిందంటే హెడ్‌లైటు నిజం అయిపోయినట్టే. రోడ్డు రంగు మ్యాట్‌గా ఉండాలి, మెరిసే రోడ్డు మీద వెలుగు అద్దంలోలా కనబడి అంతా చెడుతుంది. హెడ్‌లైటు పై సగంలో నల్ల చుక్క పెట్టే అలవాటు మన దేశంలో చాలా ఏళ్ళు ఉండేది, పాత లారీలకు నేను ఆ చుక్క సన్న బ్రష్‌తో పెడతాను, దాంతో వెలుగు కూడా ఇంకొంచెం తగ్గుతుంది.

అతికించడానికి సూపర్ గ్లూ వద్దు. దాని ఆవిరికి బండి అద్దాలు తెల్లగా పొగబారిపోతాయి. ఫెవికాల్ లాంటి తెల్ల గమ్ము ఆరితే పారదర్శకంగా అవుతుంది, ఒక బొట్టు హెడ్‌లైటు రంధ్రంలో వేస్తే లెన్సు కూడా అదే. హాట్ గ్లూ కూడా నేను వాడను, మే నెలలో మా మేడ గది ఎలా ఉంటుందో తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ వేడికి అది మెత్తబడి తీగలు జారిపోతాయి. తీగల్ని వెనక చక్రాల మధ్య నుంచి కిందికి దించి, రోడ్డులో 1 మి.మీ. రంధ్రం చేసి, ప్లైవుడ్ కిందికి తెస్తాను. అక్కడ బెర్గ్ స్ట్రిప్ కనెక్టర్, అంటే గుచ్చి ఊడదీసే పిన్నుల వరస. దుమ్ము తుడవాలన్నా బండి మార్చాలన్నా కింద ఊడదీసి పైకి లాగేయొచ్చు.

కరెంటు మాత్రం పట్టాల నుంచి తీసుకోకండి. మామూలు డీసీ లేఅవుట్‌లో రైలు వేగం మారితే వోల్టేజీ మారుతుంది, రైలు వెనక్కి తిప్పితే ప్లస్ మైనస్ తారుమారవుతాయి, బండ్ల లైట్లు రైలుతో పాటు ఆడతాయి. డీసీసీలో, అంటే పట్టాల గుండా ఒక్కో ఇంజన్‌కు విడిగా డిజిటల్ ఆజ్ఞలు పంపే పద్ధతిలో కూడా, ఎక్కడో పట్టాలు చీలే పాయింట్ దగ్గర షార్ట్ అయితే ఊరంతా చీకటి. పాత రౌటర్ అడాప్టర్, 12 వోల్టులు 1 ఆంపియర్, ఇంట్లో ఎక్కడో ఒకటి పడి ఉంటుంది. నా లెక్కలో సగటున ఒక్కో బండికి 4 మిల్లీ ఆంపియర్లు మించదు, 50 బండ్లు పెట్టినా 200, ఆ అడాప్టర్ ఐదో వంతు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం, గేటు. గేటు పడగానే ఆగే లారీకి బ్రేకులైటు వెలగాలి. టెయిల్ లైటుకూ బ్రేకుకూ నేను ఒకే ఎర్ర ఎల్‌ఈడీ జత వాడతాను. మామూలుగా 15 కిలో ఓమ్ మీద అర మిల్లీ ఆంపియర్‌తో మందంగా వెలుగుతూ ఉంటాయి. బండి నుంచి మూడో తీగ ఒకటి, దానికి 2.7 కిలో ఓమ్, అది గేటును ఎత్తి దించే సర్వో మోటారు పక్కన ఉన్న మైక్రో స్విచ్‌కు పోతుంది. గేటు కిందికి దిగి స్విచ్ నొక్కగానే ఆ రెండో దారి కలిసి కరెంటు 3 మిల్లీ ఆంపియర్లు దాటుతుంది, వరసలో ఉన్న లారీ, దాని వెనక జీపు, ఆటో ఒక్కసారి ఎర్రబడతాయి. రైలు వెళ్ళి గేటు లేస్తే మళ్ళీ మందం. బండి కదలకపోయినా డ్రైవరు కాలు తీశాడని తెలుస్తుంది. పెదనాయన చెప్పిన మలుపు దగ్గరి బస్సుకు కూడా ఇదే మూడు తీగల పద్ధతి, దానికి మాత్రం చిన్న టైమర్‌తో అప్పుడప్పుడు వెలిగేలా పెట్టాను.

ఇండికేటర్లకు 555 ఐసీ చాలు, 1972 నుంచి ఉన్న టైమర్ చిప్, ఏ ఊళ్ళో అయినా దొరుకుతుంది. దానికి 10 కిలో ఓమ్, 47 కిలో ఓమ్ రెసిస్టర్లు, 10 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెడితే నిమిషానికి 83 సార్లు ఆరి వెలుగుతుంది, నిజం బండ్లు 60కీ 120కీ మధ్యలో కొడతాయి. ఒకే 555 నుంచి అన్ని బండ్లకూ ఇవ్వకండి. అన్నీ ఒకేసారి ఆరి ఒకేసారి వెలిగితే పెళ్ళి పందిరి సీరియల్ సెట్‌లా ఉంటుంది. 47 బదులు ఒకదానికి 39, ఇంకోదానికి 56 కిలో ఓమ్ వేస్తే వేగాలు 98, 71 అవుతాయి, ఎవరి దారి వాళ్ళది.

ఏ బండికి లైటు పెట్టకూడదో కూడా తెలియాలి. నా లేఅవుట్‌లో స్టేషను వెనక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి ఉంది. చిత్తూరు వైపు సీజన్లో తోతాపురి లోడుతో లారీలు ఫ్యాక్టరీ ముందు బారులు తీరి ఉంటాయి, డ్రైవర్లు కింద పడుకుని ఉంటారు, ఇంజన్లు ఆపేసి ఉంటాయి. ఆ వరసలో గేటులోకి పోతున్న మొదటి లారీకి మాత్రమే లైట్లు వేశాను, మిగతావి చీకటి. చివరి లారీకి క్యాబిన్లో దేవుడి పటం దగ్గర ఒక్క ఎర్ర 0402, 22 కిలో ఓమ్ మీద. రోడ్డు మీద పోయే లారీల్లో ఒకదానికి ఒకే హెడ్‌లైటు ఉంచాను, చిత్తూరు రోడ్డులో రాత్రి పూట బండి నడిపినవాళ్ళకు అది ఎందుకో తెలుసు. బస్సులకు లోపల పైకప్పు కింద రెండు ఎల్‌ఈడీలు పెట్టి, బటర్ పేపర్ అడ్డం పెడితే వెలుగు సీట్ల మీద సమంగా పరుచుకుంటుంది. లోపలి దీపం హెడ్‌లైటు కంటే మందంగా ఉండాలి.

కదిలే బండ్ల గురించి అడుగుతారు. జర్మనీ ఫాలర్ కంపెనీ 1989లో తెచ్చిన కార్ సిస్టమ్‌లో రోడ్డు కింద ఇనుప తీగ, బండి ముందు ఇరుసుకు అయస్కాంతం, లోపల బ్యాటరీ ఉంటాయి, బండి తీగ వెంట పోతుంది. లైట్లు కూడా ఆ బ్యాటరీ నుంచే. బాగుంటుంది, కానీ మన బడ్జెట్‌కు భారం, ఘాట్ రోడ్డు ఎక్కుడూ ఆ హెయిర్‌పిన్ మలుపులూ నేను వేసినంత గట్టిగా ఉంటే దానికి కష్టం. నాకైతే ఆగి ఉన్న బండ్లే చాలు.

మొదలుపెట్టేవాళ్ళు ఆటోతో మొదలుపెట్టకండి, లారీ తీసుకోండి. ఛాసిస్ కింద జాగా ఉంటుంది, క్యాబిన్ విడిగా ఊడుతుంది, హెడ్‌లైట్లు పెద్దవి. మొదట వెనక వైపు ఎర్ర లైట్లు మాత్రమే పెట్టి, 10 కిలో ఓమ్ వేసి, గేటు దగ్గర నిలబెట్టి, గదిలో లైటు తీసేసి చూడండి. హెడ్‌లైట్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.